పాత ఆటోమేటిక్ కారులో గేర్లు సరిగ్గా పడట్లేదా? గేర్‌బాక్స్ విప్పించే ముందు చూసుకోవాల్సినవి

మా ఇంట్లో 2010 నాటి ఆటోమేటిక్ సెడాన్ ఉంది. రెండేళ్ల కిందట ఎండాకాలంలో దానికి జబ్బు చేసింది. పొద్దున్నే విజయవాడ పటమటలో ఇంటి ముందు నుంచి వెనక్కి తీద్దామని రివర్స్‌లో పెడితే రెండు మూడు సెకన్లు చలనం ఉండేది కాదు, తర్వాత ఒక్క కుదుపుతో కదిలేది. బెంజ్ సర్కిల్ ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు రెండో గేరు నుంచి మూడుకు మారే చోట ఇంజన్ గయ్యిమని రేజ్ అయ్యేది, బండి మాత్రం సాగేది కాదు. ఒకచోట చూపిస్తే గేర్‌బాక్స్ పోయింది, దింపి విప్పాల్సిందే, 80 వేల దాకా అవుతుందన్నారు. ఆ టెన్షన్‌లో ఉండగా తెలిసినాయన ఒకరు ఆటోనగర్‌లో ఆటోమేటిక్ గేర్‌బాక్సులు మాత్రమే చేసే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లారు. ఆయన బానెట్ కూడా ఎత్తలేదు. "చల్లగా ఉన్నప్పుడు ఎక్కువా, వేడెక్కాక ఎక్కువా? ఏ గేరు నుంచి ఏ గేరుకి? ఎక్కుడులోనేనా, సాపు రోడ్డు మీద కూడానా?" అని అడిగారు. నా దగ్గర ఒక్కదానికీ జవాబు లేదు. "రెండు రోజులు గమనించి రా బాబూ, అప్పుడు చెప్తా" అని పంపేశారు.

ఆ రెండు రోజుల్లో నేను రాసుకున్న కాగితమే గేర్‌బాక్స్‌ని కాపాడింది. అది ఎలా రాసుకోవాలో, దాన్నిబట్టి తప్పు ఎక్కడుందో ఎలా పట్టుకోవాలో ఇక్కడ వివరంగా చెబుతాను. విప్పడం అనేది అన్నిటికన్నా చివర జరగాల్సిన పని. మన దగ్గర చాలామంది దాన్నే మొదట చేయిస్తున్నారు.

మీది ఏ రకం ఆటోమేటిక్?

క్లచ్ పెడల్ లేని ప్రతి బండినీ మనం ఆటోమేటిక్ అనే అంటాం. లోపల మాత్రం వేర్వేరు. 2014లో మారుతి సెలెరియోతో వచ్చిన ఏఎంటీలో ఉండేది మామూలు గేర్‌బాక్సే. క్లచ్ నొక్కే పని, గేరు మార్చే పని ఒక యంత్రం చేస్తుంది, అంతే. గేరు మారేటప్పుడు కొద్దిగా ఆగినట్టు అనిపించడం దాని నైజం. 2000ల నడుమ హోండా సిటీలో వచ్చిన సీవీటీలో గేర్లే ఉండవు, రెండు పుల్లీల మధ్య ఉక్కు బెల్టు తిరుగుతుంది. నేను రాస్తున్నది టార్క్ కన్వర్టర్ ఉన్న అసలు సిసలు పాత ఆటోమేటిక్ గురించి. 2008 నుంచి 2013 దాకా వచ్చిన సిటీలోని 5 గేర్లది, తొలినాళ్ల కరోలా ఆల్టిస్, ఐ10, ఏ-స్టార్, ఎస్‌ఎక్స్4లలోని 4 గేర్లవి ఈ కోవలోవే.

ఇది ఎలా పనిచేస్తుందో రెండు ముక్కల్లో చెప్తాను, మిగతాదంతా దీని మీదే ఆధారపడి ఉంది. రెండు ఫ్యాన్లు ఎదురెదురుగా పెట్టి ఒకటి ఆన్ చేస్తే, ఆ గాలికి రెండోది కూడా తిరుగుతుంది. టార్క్ కన్వర్టర్‌లో గాలి బదులు ఆయిల్ ఉంటుంది. ఆ ఆయిల్‌నే పంపు ప్రెషర్‌తో తోస్తే లోపలి క్లచ్ ప్లేట్లు బిగుసుకుని గేర్లు పడతాయి. ఏ దారిలో ఎంత ప్రెషర్ వెళ్లాలో వాల్వ్ బాడీ అనే ఆయిల్ దారుల దిమ్మెలోని సొలినాయిడ్లు, అంటే కరెంటుతో తెరుచుకుని మూసుకునే చిన్న వాల్వులు నిర్ణయిస్తాయి, వాటికి కంప్యూటర్ ఆజ్ఞ ఇస్తుంది. ఆయిల్ తగ్గితే ప్రెషర్ తగ్గుతుంది. ప్రెషర్ తగ్గితే ప్లేట్లు జారతాయి. జారితే వేడి పుడుతుంది, ఆ వేడికి ప్లేట్లూ ఆయిలూ రెండూ మాడతాయి. లీటరు ఆయిల్ లోటుతో మొదలైన చిన్న సమస్య ఇలాగే ఓవర్‌హాల్ దాకా పోతుంది.

ముందు కాగితం, కలం

రాత్రంతా ఆగి ఉన్న బండిని పొద్దున్నే స్టార్ట్ చేయండి. అరనిమిషం ఆగి ఇంజన్ స్థిమితపడ్డాక, బ్రేకు గట్టిగా తొక్కి ఉంచి న్యూట్రల్ నుంచి డ్రైవ్‌లోకి వేయండి. బండి లోపల చిన్న 'టక్' మని గేరు పట్టుకున్నట్టు తెలుస్తుంది. లివర్ కదిపిన క్షణం నుంచి ఆ టక్కు దాకా ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి చూడండి. మళ్లీ న్యూట్రల్‌కి తెచ్చి, ఒక నిమిషం ఆగి రివర్స్ చూడండి. ఒక్కోటి మూడుసార్లు చేసి సగటు రాసుకోండి. ఇంజన్ వేడెక్కాక ఉండాల్సిన లెక్క టయోటా మాన్యువల్స్‌లో డ్రైవ్‌కి 1.2 సెకన్ల లోపు, రివర్స్‌కి 1.5 సెకన్ల లోపు అని ఉంటుంది. మిగతా కంపెనీల బండ్లకీ అటూ ఇటుగా ఇదే కొలత. అందుకే చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, అరగంట తిరిగొచ్చాక ఒకసారి చూడాలి.

రెండూ ఆలస్యమైతే ఆయిల్ లోటో, పంపు బలహీనపడటమో కారణం కావచ్చు. డ్రైవ్ ఒక్కటే ఆలస్యమైతే ముందుకు నడిపే క్లచ్ మీద, రివర్స్ ఒక్కటే అయితే రివర్స్ క్లచ్ మీద అనుమానం. నా కాగితంలో మొదటి రోజు రెండూ రెండు సెకన్లు దాటాయి.

ఆ పైన ప్రతి ప్రయాణంలోనూ నాలుగు సంగతులు రాయండి: చల్లగానా వేడిగానా, ఏ గేరు నుంచి ఏ గేరుకి, ఎంత స్పీడులో, ఆర్‌పీఎం ముల్లు ఏం చేసింది. పక్కన ఇంకొకరిని కూర్చోబెట్టుకుని వాళ్ల చేత రాయించండి. నడుపుతూ మీరే రాయొద్దు.

ఆయిల్ చూడటం

ఇందులో పొరపాట్లు ఎక్కువ జరుగుతాయి కాబట్టి కాస్త ఆగి చదవండి. గేర్‌బాక్స్ డిప్‌స్టిక్, ఇంజన్ ఆయిల్ డిప్‌స్టిక్ వేరు. ఇంజన్ ఆయిల్ చూసినట్టు పొద్దున్నే చల్లటి బండిలో చూస్తే లెక్క తప్పుతుంది. కనీసం 15, 20 కిలోమీటర్లు తిరిగి ఆయిల్ వేడెక్కాలి, బండి సాపు నేల మీద ఉండాలి.

అక్కడి నుంచి కంపెనీని బట్టి పద్ధతి మారుతుంది. పాత టయోటా, హ్యుందాయ్ బండ్లలో ఇంజన్ నడుస్తూ ఉండగానే చూడాలి. బ్రేకు తొక్కి లివర్‌ని అన్ని గేర్లలోకీ మెల్లగా తిప్పి, టయోటాలో పార్క్‌లో, హ్యుందాయ్‌లో న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్‌బ్రేక్ వేసి డిప్‌స్టిక్ తీయాలి. హోండాలో దీనికి వ్యతిరేకం: ఇంజన్ ఆపేసి, ఒక నిమిషం నుంచి నిమిషంన్నర లోపు చూడాలి. హోండాని ఇంజన్ నడుస్తుండగా చూసి, తక్కువుందనుకుని పైన పోసేసినవాళ్లున్నారు. ఆయిల్ ఎక్కువైనా ముప్పే. లోపల తిరిగే భాగాలు దాన్ని చిలికి నురగ చేస్తాయి, నురగతో ప్రెషర్ రాదు. కొత్త తరం బండ్లలో డిప్‌స్టిక్కే ఉండదు. కింద ప్లగ్గు విప్పి, స్కానర్‌లో ఆయిల్ వేడి చూస్తూ లెవెల్ సరిచేయాలి. అది లిఫ్ట్ మీద చేసే పని, ఇంటి దగ్గర వద్దు.

డిప్‌స్టిక్‌ని నూలుపోగులు ఊడని గుడ్డతో తుడిచి, మళ్లీ దింపి తీసి, తెల్ల టిష్యూ మీద రెండు చుక్కలు వేయండి. కొత్త ఆయిల్ దానిమ్మ రసంలా ఎర్రగా, పారదర్శకంగా ఉంటుంది. లక్ష కిలోమీటర్ల బండిలో ఇటుక రంగుకు తిరిగి ఉంటే కంగారు పడనక్కర్లేదు, మార్చాల్సిన సమయం దాటిందని అర్థం. చింతపండు పులుసులా ముదురు గోధుమ రంగులోకి వచ్చి, పోపు మాడిన వాసన కొడితే ప్లేట్లు జారి మాడుతున్నాయన్నమాట. చుక్క చుట్టూ ఆయిల్ పాకి, నడిమధ్య నల్లటి పొడి మిగిలితే అది ప్లేట్ల మీది పూత. ఫోన్ టార్చ్ వేసి ఏటవాలుగా చూడండి, వెండి తునకల్లా మెరుస్తుంటే లోపల లోహం అరుగుతోంది.

రోజ్ మిల్క్ రంగు కనిపిస్తే మాత్రం బండిని అక్కడే ఆపేయండి. చాలా కార్లలో గేర్ ఆయిల్‌ని చల్లబరిచే కూలర్ రేడియేటర్ లోపలే ఉంటుంది. అది తుప్పు పట్టి చిల్లుపడితే కూలెంట్ గేర్‌బాక్స్‌లోకి వస్తుంది. నీళ్లు తగిలితే ప్లేట్ల పూత ఊడిపోతుంది. మన వైపు కూలెంట్ బదులు బోరు నీళ్లు పోసే అలవాటు ఇంకా పోలేదు. ఆ ఉప్పు నీళ్లే రేడియేటర్‌ని తినేస్తాయి, దానితోపాటు గేర్‌బాక్స్‌నీ తీసుకుపోతాయి.

తక్కువగా ఉంటే ఏ ఆయిల్ పోయాలి? మీ బండి పుస్తకంలో ఏది రాసుంటే అదే. పాత హోండాలకు జెడ్1, ఇప్పుడు దాని స్థానంలో డీడబ్ల్యూ-1, పాత టయోటాలకు టైప్ టీ-4, తర్వాతివాటికి డబ్ల్యూఎస్, 4 గేర్ల హ్యుందాయ్‌లకు ఎస్‌పీ-3. అన్నిటికీ పనికొస్తుందని చెప్పి ఇచ్చే డబ్బా తీసుకోవద్దు. సీవీటీలో మామూలు గేర్ ఆయిల్ పోస్తే బెల్టు జారి కొద్ది రోజుల్లోనే పాడవుతుంది.

కారడం ఎక్కడ?

ఆయిల్ ఖర్చయ్యే వస్తువు కాదు. తగ్గిందంటే ఎక్కడో కారుతోంది. రాత్రి బండి కింద పెద్ద అట్టముక్క పరచి పొద్దున్నే ఎర్ర చుక్కలు చూడటం తెలిసిన పద్ధతే. దాన్ని మాత్రమే నమ్ముకుంటే నాలా మోసపోతారు. మా అట్ట ఆ రెండు రోజులూ శుభ్రంగానే ఉంది. పెద్దాయన నా కాగితం చదివి, డిప్‌స్టిక్ చూసి, బండిని ర్యాంపు ఎక్కించి ఇంజన్ కింద ఉండే ప్లాస్టిక్ కవరు విప్పారు. దాని గుంటలో ఎర్రటి ఆయిల్ నిలిచి, దుమ్ముతో కలిసి బురదలా ఉంది. కూలర్ పైపు రేడియేటర్‌కి తగిలే చోట క్లిప్పు వదులైంది. ఇంజన్ ఆగి ఉంటే ఆ పైపులో ప్రెషర్ ఉండదు కాబట్టి చుక్క కారదు. నడిచేటప్పుడు మాత్రం చిమ్ముతుంది. లీటరు పైనే తగ్గింది. అలా తగ్గినప్పుడు ఫ్లైఓవర్ లాంటి ఎక్కుడులో ఆయిల్ ఒక పక్కకి జరిగి పంపు గాలి పీలుస్తుంది. నా కాగితంలో ఆ జారుడు ఎక్కుడులోనే రాసి ఉంది, సాపు రోడ్డు మీద లేదు. ఆయన వేలు పెట్టి చూపించింది ఆ వరుస మీదే.

కాబట్టి కింది కవరు విప్పించి చూడండి. కూలర్ పైపులు, ఆయిల్ పాన్ అంచు, యాక్సిల్ లోపలికి వెళ్లే సీళ్లు, ఈ మూడూ ముఖ్యం.

గేర్‌బాక్స్‌ది కాని తప్పులు

ఇంజన్ మిస్ కొట్టినా, టార్క్ కన్వర్టర్ వణికినా సీట్లో కూర్చున్నవారికి ఒకేలా అనిపిస్తుంది. స్పార్క్ ప్లగ్గులు, కాయిల్స్ ముందు చూపించుకోండి. ఇంజన్‌లోకి గాలి వదిలే థ్రాటిల్ బాడీలో మసి పేరుకుంటే ఐడిల్ (బండి ఆగి ఉన్నప్పటి ఇంజన్ వేగం) ఎక్కువై, డ్రైవ్‌లో వేయగానే ధన్‌మని కుదుపు వస్తుంది. ఇంజన్‌ని పట్టి ఉంచే రబ్బరు మౌంటింగ్స్ చిరిగినా అదే కుదుపు. బానెట్ ఎత్తి, ఒకరు బ్రేకు గట్టిగా తొక్కి ఉంచి డ్రైవ్, రివర్స్ మార్చి మార్చి వేస్తే, మీరు పక్కగా నిలబడి చూడండి. ఇంజన్ బాగా ఎగిరిపడితే మౌంటింగ్ పోయింది. బండికి ఎదురుగా మాత్రం ఎవరూ నిలబడొద్దు.

బ్యాటరీ సంగతి చాలామంది నమ్మరు. సొలినాయిడ్లు నడిచేది కరెంటు మీద. ఇంజన్ ఆపి ఉన్నప్పుడు బ్యాటరీ దగ్గర సుమారు 12.6 వోల్టులు, నడిచేటప్పుడు సుమారు 14 రావాలి. గేర్‌బాక్స్ నుంచి బాడీకి వెళ్లే ఎర్త్ వైరు తుప్పు పట్టినా గేర్లు పిచ్చిపిచ్చిగా పడతాయి. మల్టీమీటర్‌తో అయిదు నిమిషాల పని ఇది.

స్కానర్ ఏం చెబుతుంది

డాష్‌బోర్డు మీద చెక్ ఇంజన్ లైట్ వెలిగినా, హోండాలో డీ అక్షరం మిణుకుమిణుకుమన్నా కంప్యూటర్ ఏదో తప్పు గుర్తించినట్టే. స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్ ఉంటే ఫోన్‌తో పనిచేసే చిన్న ఈఎల్‌ఎం327 పరికరం పెట్టి మీరే కోడ్ చూడొచ్చు. చౌక పరికరాలు కొన్ని బండ్లలో గేర్‌బాక్స్ కంప్యూటర్ దాకా వెళ్లలేవు. అప్పుడు షెడ్డులో మంచి స్కానర్‌తోనే చూపించాలి.

పీ0700 అంటే గేర్‌బాక్స్ కంప్యూటర్‌లో ఇంకో కోడ్ ఉంది, వెళ్లి చూడు అని మాత్రమే. దాన్ని చూపించి గేర్‌బాక్స్ పోయిందనేవారి మాట వినొద్దు. పీ0705 లివర్ స్థానం చెప్పే స్విచ్. పీ0715, పీ0720 స్పీడ్ సెన్సర్లు. పీ0750 నుంచి సొలినాయిడ్లు మొదలవుతాయి. పీ0741 టార్క్ కన్వర్టర్ లాకప్, అంటే ఇంజన్‌నీ గేర్‌బాక్స్‌నీ నేరుగా బిగించే లోపలి క్లచ్, పట్టుకోవట్లేదని. పీ0730, దాని తర్వాతి పీ0731, 0732 వగైరా గేరు నిష్పత్తి తప్పిందని, అంటే నిజంగానే జారుతోందని చెబుతాయి. ముందరివి బయటి వైరింగ్‌లోనో చిన్న విడిభాగంలోనో తీరిపోయే అవకాశం ఎక్కువ. చివరివి వస్తే సీరియస్‌గా తీసుకోండి. కోడ్ చెరిపేసే ముందు ఫొటో తీసుకోండి. ఆ ఫొటో తర్వాత ఎవరికి చూపించినా పనికొస్తుంది.

రోడ్డు మీద పరీక్ష

ఆయిల్ లెవెల్ సరిచేశాకే దీనికి బయల్దేరండి. విజయవాడవాళ్లకి మంచి దారి: పొద్దున 6 గంటలకి బెంజ్ సర్కిల్ దగ్గర మొదలుపెట్టి, ఫ్లైఓవర్ ఎక్కి, వారధి దాటి, మంగళగిరి మీదుగా కాజ టోల్‌ప్లాజా ముందు దాకా. గుంటూరువాళ్లు ఇదే దారికి ఎదురు రావచ్చు. ఘాట్ రోడ్డు మీద చూడాలంటే కొండవీడు ఉంది, కానీ జారుతున్న బండితో అక్కడికి వెళ్లొద్దు.

మొదట యాక్సిలరేటర్ సుతారంగా తొక్కుతూ ఒక్కో గేరూ పడే స్పీడు చెప్పి రాయించండి. తర్వాత సగం దాకా తొక్కి అదే చేయండి. గేరు మారగానే ఆర్‌పీఎం ముల్లు కిందకి దిగాలి. దిగకుండా పైకి ఎగిరి ఆ తర్వాత పడితే ఆ గేరు క్లచ్ జారుతోంది. హైవే మీద 60, 70 మధ్య నిలకడగా పోనివ్వండి. ఆ వేగంలో టార్క్ కన్వర్టర్ లాకప్ అయ్యి, ముల్లు ఇంకో 200 నుంచి 400 దాకా దిగి నిలబడుతుంది. అప్పుడు రంబుల్ స్ట్రిప్స్ మీద పోతున్నట్టు వణుకు వస్తే, వెనక బండ్లేవీ లేనప్పుడు, కుడికాలు యాక్సిలరేటర్ మీదే ఉంచి, ఎడమకాలితో బ్రేకు పెడల్‌ని లైట్ వెలిగేంత మాత్రం తాకించండి. బ్రేకు లైట్ వెలగగానే లాకప్ వదిలేస్తుంది. వణుకు కూడా ఆగిపోతే తప్పు లాకప్‌ది. ఆగకపోతే ఇంజన్ మిస్, టైర్లు, యాక్సిల్ చూడాలి.

బ్రేకు తొక్కి ఉంచి ఫుల్‌గా రేజ్ చేసే పరీక్ష ఒకటుంది, స్టాల్ టెస్ట్ అంటారు. పాత బండ్లతో ఇంటి దగ్గర దీన్ని చేయొద్దని గట్టిగా చెబుతాను. అయిదు సెకన్లు మించితే ఆయిల్ మరిగిపోతుంది, బ్రేకు జారితే ప్రాణాల మీదికొస్తుంది.

కాగితాన్ని చదవడం

పొద్దున్నే బాగోక, వేడెక్కాక సర్దుకుంటే: సీళ్లు గట్టిపడ్డాయి, లేదా ఆయిల్ కొద్దిగా తక్కువ. ఇంకొంత కాలం నడుస్తుంది, ముందు ఆయిల్ మార్చి చూడండి.

పొద్దున్నే బాగుండి, బందరు రోడ్డు ట్రాఫిక్‌లో మే నెల మధ్యాహ్నం జారడం మొదలైతే: ఇది పెద్దది. వేడికి ఆయిల్ పలచబడి, అరిగిన సీళ్ల సందుల్లోంచి ప్రెషర్ పోతోంది. విప్పే మాట ఇక్కడ న్యాయంగానే వస్తుంది. అయినా ముందు రేడియేటర్ మూసుకుపోయిందేమో, ఫ్యాన్ సరిగా తిరుగుతోందో లేదో చూడండి.

ఒకే గేరులో ఇరుక్కుపోయి, బరువుగా కదులుతూ, పైకీ కిందకీ మారకపోతే అది లింప్ మోడ్. కంప్యూటర్ తప్పు చూసి, ఇల్లు చేరేందుకు ఒక్క గేరు మిగిల్చింది. ఇంజన్ ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే కాసేపు మామూలుగా నడిచిందా? అయితే కరెంటు వైపు చూడండి: కనెక్టర్, సెన్సర్, సొలినాయిడ్. అరిగిపోయిన ప్లేట్లు ఆపి స్టార్ట్ చేస్తే బాగవవు.

అన్ని గేర్లూ ధనాధన్ పడుతుంటే ప్రెషర్ సొలినాయిడ్, థ్రాటిల్ సెన్సర్. ఒకే ఒక్క గేరు దగ్గర అయితే ఆ గేరు సొలినాయిడ్ లేదా క్లచ్. ముందుకు బ్రహ్మాండంగా నడిచి రివర్స్ అసలే లేకపోతే, లివర్ కేబుల్ సరిగ్గా కూర్చుందో లేదో చూశాకే లోపలి సంగతి మాట్లాడండి.

వరద నీళ్లలో మునిగిన బండి

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం వైపు కార్లు రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయాయి. ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌కి పైన గాలి పీల్చే చిన్న గొట్టం ఉంటుంది. నీళ్లు దాన్ని దాటితే లోపలికి దిగుతాయి. మునిగిన బండిని స్టార్ట్ చేయకుండా ముందు ఆయిల్ రంగు చూడాలి. పాత ఆటోమేటిక్ చవగ్గా వస్తోందంటే కార్పెట్ కింద మట్టి, సీట్ బోల్టుల తుప్పు, సీట్ బెల్టు పూర్తిగా లాగితే చివర్న మరక, వీటితో పాటు గేర్ ఆయిల్ కూడా చూసి కొనండి.

ఆటోనగర్‌లో అడగాల్సినవి

కాగితం, కోడ్ ఫొటో, టిష్యూ మూడూ తీసుకెళ్లండి. విప్పే ముందు ప్రెషర్ గేజ్ పెట్టి చూడమనండి. సొలినాయిడ్ల నిరోధం మల్టీమీటర్‌తో కొలవమనండి. ఆన్-ఆఫ్ సొలినాయిడ్లు టయోటాలో 11 నుంచి 15 ఓమ్‌లు, ప్రెషర్ సొలినాయిడ్ 5 దరిదాపుల్లో ఉంటాయి. మీ మోడల్ లెక్క మాన్యువల్‌లో చూసుకోవాలి. ఆయిల్ పాన్ ఉన్న బండి అయితే దాన్ని మీ ముందే దింపమనండి. అందులోని అయస్కాంతానికి కాటుకలా మెత్తటి పేస్టు అంటుకుని ఉంటే అది మామూలు అరుగుదల. వేళ్ల మధ్య గుచ్చుకునే తునకలుంటే విప్పక తప్పదు.

ఎప్పుడూ ఆయిల్ మార్చని పాత గేర్‌బాక్స్‌కి మెషీన్‌తో ప్రెషర్ ఫ్లషింగ్ నేను చేయించను. పేరుకున్న మురికి కదిలి వాల్వ్ బాడీ సన్న దారుల్లో అడ్డం పడుతుంది. కింద ప్లగ్గు తీసి వదిలిన ఆయిల్ ఎంతో కొలిచి, అంతే కొత్తది పోసి, కొన్ని వందల కిలోమీటర్లు తిరిగి మళ్లీ మార్చడం మేలు. ఒకసారి తీస్తే 40 శాతం దాకా మాత్రమే బయటికొస్తుంది, టార్క్ కన్వర్టర్‌లోది అక్కడే ఉండిపోతుంది. మూడుసార్లు చేస్తే సుమారు 78 శాతం కొత్తదవుతుంది.

దారిలో బండి ఆగిపోతే తాడు కట్టి లాగించొద్దు. ఇంజన్ ఆగితే ఆయిల్ పంపూ ఆగుతుంది, చక్రాలు తిరుగుతుంటే లోపలి భాగాలు ఎండుగా అరుగుతాయి. న్యూట్రల్‌లో ఉంచామన్నా సరే. ముందు చక్రాలు నడిచే బండి అయితే వాటిని పైకెత్తైనా తీసుకెళ్లాలి, వీలైతే బండి మొత్తాన్ని లారీ మీద ఎక్కించాలి.

పని అయ్యాక కంప్యూటర్ కొత్తగా నేర్చుకోవడానికి కొంత దూరం పడుతుంది, బ్యాటరీ తీసి పెట్టినా అంతే. మొదటి 50, 100 కిలోమీటర్లు గేర్లు కాస్త ముందూ వెనకా పడితే గాబరా పడకుండా, మెల్లగా, మధ్యమధ్యలో పూర్తిగా ఆపుతూ నడపండి. 500 కిలోమీటర్లు తిరిగాక లెవెల్ మళ్లీ చూసి, డ్రైవ్, రివర్స్ సెకన్లు మళ్లీ కొలిచి పాత కాగితం పక్కనే రాయండి. క్లిప్పు మార్చి ఆయిల్ నింపాక మా బండికి డ్రైవ్ 0.9, రివర్స్ 1.2 వచ్చింది. ఇప్పటికీ ఆరు నెలలకోసారి కొలిచి ఆ వరుసలోనే రాస్తున్నాను.